హోమ్ థియేటర్ మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేసుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల ఇళ్లలో స్పీకర్లు పెట్టడం, వాటిని గదికి తగ్గట్టు సెట్ చేసి ఇవ్వడం నా పని. కరీంనగర్, గోదావరిఖని, భూపాలపల్లి నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. చాలామంది మొదటి మాటే "ఏది కొనమంటారు?" అని అడుగుతారు. నేను మాత్రం ముందు ఉన్నది ఏమిటి, ఏ గదిలో ఉంది, దేనికి కలిపారు అని అడుగుతాను. ఈ మూడు తెలిశాక చాలా ఇళ్లలో పెద్ద ఖర్చు లేకుండానే పని అయిపోతుంది. నిజంగా మార్చాల్సిన ఇళ్లు కూడా ఉన్నాయి. మీది ఏ కోవలోకి వస్తుందో పట్టుకోవడానికి ఈ జవాబులు రాశాను.

సిస్టమ్ మార్చాల్సిన టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ముందు మీ ఫిర్యాదును ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. "సౌండ్ బాగా లేదు" అంటే సరిపోదు. మాటలు అర్థం కావడం లేదా? బూఫర్ ఒకటే మోత మోగుతోందా? వెనక స్పీకర్లు అసలు పలకడం లేదా? వాల్యూమ్ పెంచితే చెవుల్లో గుచ్చుకుంటోందా? కొత్త టీవీకి పాత డబ్బా కలవడం లేదా? ఇవన్నీ వేర్వేరు సమస్యలు. ఒకదానికి చేసే ఖర్చు ఇంకోదానికి పనికిరాదు. మాటలు వినపడని ఇంట్లో పెద్ద బూఫర్ కొంటే మాటలు ఇంకా మునిగిపోతాయి.

తర్వాత మీకు బాగా తెలిసిన సినిమాలో ఒకే సీను, రోజూ కూర్చునే చోటే కూర్చుని కొన్నిసార్లు వినండి. ఒకసారి మాటల మీదే, ఒకసారి బాస్ మీదే, ఇంకోసారి వెనక స్పీకర్ల మీదే మనసు పెట్టండి. లేచి వెళ్లి ఒక్కో స్పీకర్ దగ్గర చెవి పెట్టి అది పలుకుతోందో లేదో చూడండి. వైర్లు కూడా చూడండి. ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే బాస్ పలచబడుతుంది, పాడే గొంతు మధ్యలో నిలబడదు. ఇల్లు సున్నం వేయించినప్పుడు వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టిన ఇళ్లలో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది.

నా లెక్కలో మార్చడానికి గట్టి కారణాలు ఇవి: మెయిన్ డబ్బా పాడై స్పేర్ దొరకకపోవడం, టీవీకి కలిపే దారే లేకపోవడం, చోటు, సెట్టింగ్స్, గది అన్నీ సరిచేశాక కూడా కాగితం మీద రాసిన ఫిర్యాదు అలాగే మిగలడం. కొత్తది కావాలన్న సరదా కూడా తప్పేమీ కాదు. అయితే సరదా కోసం కొంటున్నామని తెలిసి కొంటే అప్పు చేసేదాకా పోరు.

"బాపుకు డైలాగులు సమజైతలేవు అంటున్నడు. వాల్యూమ్ పెంచితే ఫైట్లకు ఇల్లంతా అదురుతుంది. ఏం చేయాలి?"

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అందుకే దీనికి జవాబు కూడా పొడవుగానే ఉంటుంది.

5.1లో, అంటే ఐదు స్పీకర్లు, ఒక బూఫర్ ఉన్న సెట్‌లో, సినిమా మాటలు దాదాపు అన్నీ టీవీ దగ్గర మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి. మన ఇళ్లలో ఆ స్పీకర్‌కు దక్కేది అన్నిటికంటే పాడు చోటు. షోకేస్ అరలో లోపలికి తోసేసి, ముందు ఫోటో ఫ్రేములు, పెళ్లిలో వచ్చిన గిఫ్టులు పెడతారు. అర గోడలకు తగిలి మాట ముద్దగా వస్తుంది. స్పీకర్‌ను అర అంచు దాకా, వీలైతే అంగుళం బయటికి లాగండి. ముందున్న సామాను తీసేయండి. టీవీ కింద మోకాలి ఎత్తులో ఉంటే ముందు భాగం కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, కూర్చున్నవాళ్ల ముఖం వైపు పైకి వాల్చండి. ఈ ఒక్క పనితోనే చాలాసార్లు తేడా తెలిసిపోతుంది.

రెండోది టీవీ సెట్టింగ్. సౌండ్ మెనూలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అని ఉంటుంది. అది పీసీఎం మీద ఉంటే చాలా టీవీలు రెండు ఛానెళ్లుగా కుదించి పంపుతాయి. అప్పుడు సెంటర్‌కు వచ్చేది రిసీవర్, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే మెయిన్ డబ్బా, ఊహించి తీసిన మాటే. దాన్ని ఆటో, బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూకు మార్చండి. ఓటీటీ యాప్‌లో కూడా సినిమా మొదలుపెట్టాక ఆడియో మెనూ తెరిచి తెలుగులో 5.1 ట్రాక్ ఉందేమో చూసి అదే ఎంచుకోండి. కొన్ని డబ్బింగ్ సినిమాలకు 5.1 ఒరిజినల్ భాషలోనే ఉంటుంది, తెలుగుకు స్టీరియోనే ఉంటుంది. అలాంటి సినిమాకు మీ స్పీకర్లను తప్పుపట్టకండి.

మూడోది, రిసీవర్‌లో స్పీకర్ లెవెల్స్‌కు వెళ్లి సెంటర్‌ను 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి, బూఫర్‌ను అంతే తగ్గించండి. నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అని ఉంటే ఆన్ చేయండి. అది మెల్లగా ఉన్న మాటలను పైకి తెచ్చి, పేలుళ్లను కిందికి దించుతుంది. రాత్రిపూట పెద్దవాళ్లతో కలిసి చూసేటప్పుడు ఇంతకంటే ఉపయోగపడే బటన్ రిమోట్‌లో ఇంకోటి లేదు. హాల్, కచేరీ, స్టేడియం లాంటి మోడ్‌లు ఆపేయండి. అవి మాటకు లేని ప్రతిధ్వనిని తెచ్చిపెడతాయి.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోవాలి. వయసు మీద పడేకొద్దీ ముందు తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, శ, త, ప, క లాంటి హల్లులను వేరుచేసి చూపేవి ఆ సన్నని శబ్దాలే. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది కానీ ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. వాల్యూమ్ పెంచితే తీరే ఇబ్బంది కాదది. బాస్ తగ్గించడం, సెంటర్‌ను చెవి వైపు తిప్పడం, బాపును ఇంకాస్త ముందుకు కూర్చోబెట్టడం పనికొస్తాయి. ఇంట్లో మామూలు మాటలు కూడా రెండోసారి చెప్పించుకుంటున్నారంటే ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. స్పీకర్ల సంగతి తర్వాత చూడవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా మాట తేలకపోతే అప్పుడు సెంటర్ స్పీకర్ మార్చండి. ముందు ఎడమ, కుడి స్పీకర్లు ఏ కంపెనీ, ఏ సిరీస్‌వో సెంటర్ కూడా అదే సిరీస్‌ది దొరికితే గొంతు ఒకేలా ఉంటుంది.

ఇల్లంతా గ్రానైట్. సౌండ్ గింగురుమంటోంది. ఖరీదైన స్పీకర్లు పెడితే పోతుందా?

పోదు. గది మోగుతుంటే ఎంత మంచి స్పీకర్ అయినా ఆ మోతలోనే పాడాలి.

కరీంనగర్ గ్రానైట్ మనకు పక్కనే కాబట్టి ఫ్లోర్ అంతా పాలిష్ చేసిన రాయి. గోడలు ప్లాస్టరింగ్, పైన స్లాబ్, కిటికీలకు అద్దాలు. శబ్దాన్ని పీల్చుకునేది హాల్లో సోఫా ఒక్కటే. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగకుండా వెనకాల సన్నగా "ట్రింగ్"మని సాగితే, మీ డబ్బు ముందు గదికే పెట్టాలి.

స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద ఏదైనా పరవండి. మన కొత్తవాడ నేతగాళ్లు నేసే దర్రీలు ఉన్నాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేత దర్రీ పలచన కాబట్టి ఒక్కటే వేస్తే కొంచెమే పీలుస్తుంది. కింద పాత బొంతో, మందపాటి ఫోమ్ షీటో వేసి దాని మీద దర్రీ పరిస్తే మాట చాలా తేటగా వస్తుంది. కిటికీకి పలచని పరదా బదులు మందపాటి గుడ్డ, కుచ్చులు ఎక్కువ వచ్చేలా కుట్టించండి. సోఫా వెనక గోడకు పుస్తకాల అర ఉంటే ఇంకా మంచిది.

గుడ్ల అట్టలు, థర్మోకోల్ గోడకు అంటించవద్దు. వాటికి శబ్దాన్ని పీల్చే గుణం చాలా తక్కువ, థర్మోకోల్ అయితే నిప్పుకు తేలిగ్గా అంటుకుంటుంది. నిజంగా ప్యానెళ్లు కావాలంటే కార్పెంటర్‌తో చెక్క చట్రాలు చేయించి, లోపల 2 అంగుళాల రాక్‌వుల్ (రాతి నారతో చేసిన పలక) పెట్టి, దాని పొడి బయటికి రాకుండా గుడ్డతో పూర్తిగా మూసి కుట్టించండి. ఎడమ, కుడి స్పీకర్ల శబ్దం పక్క గోడకు మొదట తగిలే చోట ఒక్కొక్కటి పెట్టండి. మీరు సోఫాలో కూర్చోండి, ఇంట్లో ఒకరిని గోడ వెంబడి అద్దం పట్టుకుని నడవమనండి. అద్దంలో మీకు స్పీకర్ కనిపించిన చోటే ఆ చోటు.

బూఫర్ గోడ పక్క బాగా మోగుతుంది, సోఫాలో మాత్రం ఏమీ లేదు. బూఫర్ చిన్నదా?

గది కొలతలు చెప్పండి. 12 అడుగుల పొడవంటే 3.66 మీటర్లు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన ఆ గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర బాస్ అలలు నిలిచిపోతాయి. ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బుతుంది, గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. మీ సోఫా సరిగ్గా మధ్యలో ఉంటే ఎంత పెద్ద బూఫర్ తెచ్చినా ఆ స్వరం మీకు అందదు. వెనక గోడకు ఆనించి ఉంటే అదే స్వరం అతిగా మోగుతుంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న చదరపు గది అయితే రెండు వైపులా ఒకే స్వరం నిలుస్తుంది కాబట్టి ఇబ్బంది రెట్టింపు.

మందు ఏమిటంటే, బూఫర్‌ను తాత్కాలికంగా సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. బాస్ ఎక్కువ ఉన్న పాట ఒకటి పెట్టి, మీరు గోడ వెంబడి నేల మీద మోకాళ్ల మీద తిరుగుతూ వినండి. ఎక్కడ బాస్ ఉబ్బకుండా, ఆగకుండా, ఒక్కో దెబ్బ విడిగా వినిపిస్తుందో అక్కడ బూఫర్ పెట్టండి. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది కానీ ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. తర్వాత సోఫాను అడుగు, అడుగున్నర ముందుకో వెనక్కో జరిపి చూడండి. బూఫర్ వెనక ఫేజ్ స్విచ్ ఉంటే 0, 180 రెండూ విని ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. చిన్న స్పీకర్లున్న సెట్‌లో క్రాసోవర్‌ను, అంటే ఏ స్వరం నుంచి కిందిది బూఫర్‌కు పోవాలో చెప్పే అంకెను, 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. అరచేతంత స్పీకర్లైతే 120 దాకా పెంచవచ్చు.

ఇదంతా అయ్యాక కూడా కింది స్వరాలు పలకకపోతే అప్పుడు బూఫర్ మార్చే మాట మాట్లాడుకోవచ్చు.

వాట్లు ఎక్కువున్నది తీసుకుంటే సరిపోతుందా?

డబ్బా మీద రాసిన పీఎంపీఓ అంకెను, అంటే క్షణంపాటు వచ్చే గరిష్ఠ బలమని గొప్పగా రాసేదాన్ని, చూడనే వద్దు. ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఎంతో చూడండి. ఆ నిజమైన వాట్లు కూడా 50 నుంచి 100కు పెరిగితే మీకు దక్కేది 3 డెసిబెల్స్ మాత్రమే, అంటే కొంచెం గట్టిగా అనిపిస్తుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, దానికి పది రెట్ల వాట్లు కావాలి. అదే స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కు అది ఎంత గట్టిగా పలుకుతుందనే లెక్క) 86 నుంచి 89 డెసిబెల్స్‌కు మారితే, ఆంప్లిఫైయర్ మార్చకుండానే ఆ 3 డెసిబెల్స్ వస్తాయి.

మామూలు హాల్లో అందరూ వినే వాల్యూమ్‌కు స్పీకర్‌కు చేరేది చాలాసేపు ఒకటి రెండు వాట్లే. మిగతా వాట్లు పేలుడు, డప్పు దెబ్బ లాంటి క్షణాల కోసం.

కోఠి నుంచి బోర్డులు తెచ్చి లోకల్‌గా చేయించుకున్న 5.1 ఉంది. తీసేయాలా?

వెంటనే తీసేయవద్దు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ కొని ఇక్కడ క్యాబినెట్ చేయించుకున్న ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. చేసినతను శ్రద్ధగా చేసి ఉంటే ఆ ఆంప్లిఫైయర్లు గట్టివే. లోపల ఏ ఐసీ (ఆంప్లిఫైయర్ చిప్) ఉందో అడగండి. పాత 4440 ఐసీ అంటే స్టీరియోలో ఛానెల్‌కు 6 వాట్లు, రెండూ కలిపి బ్రిడ్జ్ చేస్తే 19 వాట్లు ఇస్తుంది. చిన్న గదిలో పాటలకు చాలు, సినిమాకు చాలదు. టీడీఏ 7294 లాంటి బోర్డులైతే హాల్‌కు సరిపడా బలం ఉంటుంది.

వీటిలో లోటు ఇంకోచోట ఉంది. చాలా లోకల్ సెట్లలో డాల్బీ డీకోడర్, అంటే 5.1 శబ్దాన్ని ఛానెళ్లుగా విడదీసే భాగం, ఉండదు. టీవీ నుంచి వచ్చే రెండు ఛానెళ్ల శబ్దాన్నే ప్రోలాజిక్ బోర్డు ఆరు స్పీకర్లకు పంచుతుంది. సినిమాలో హెలికాప్టర్ వెనక నుంచి రావాలని మిక్సింగ్‌లో పెట్టినా, మీ ఇంట్లో అది అన్ని వైపుల నుంచీ వస్తుంది. దీనికి మొత్తం సెట్ మార్చక్కర్లేదు. ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే బయటికి పంపే దారి) ఇన్‌పుట్ తీసుకుని, వెనక ఆరు ఆర్‌సీఏ పిన్నులతో విడివిడిగా 5.1 ఇచ్చే డీకోడర్ డబ్బాలు దొరుకుతాయి. మీ ఆంప్లిఫైయర్ వెనక 5.1 ఇన్‌పుట్ ఆరు పిన్నులు ఉంటే అది కలిపి, టీవీ ఆడియోను డాల్బీ డిజిటల్‌కు మార్చండి. తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే అప్‌గ్రేడ్ నాకు తెలిసి ఇంకోటి లేదు.

పాత డీవీడీ హోమ్ థియేటర్ స్పీకర్లను కొత్త రిసీవర్‌కు కలపొచ్చా?

ముందు స్పీకర్ వెనక రాసిన ఓమ్స్ (కరెంటుకు అది ఇచ్చే అడ్డు) చూడండి. ఆ సెట్లలో చాలావాటికి 3 లేదా 4 ఓమ్స్ ఉంటుంది. మామూలు రిసీవర్లు 6 నుంచి 8 ఓమ్స్‌కు చేసినవి. తక్కువ ఓమ్స్ స్పీకర్ కలిపి వాల్యూమ్ పెంచితే రిసీవర్ వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. పైగా ఆ బూఫర్‌కు సొంత ఆంప్లిఫైయర్ ఉండదు, మెయిన్ డబ్బా మీదే బతుకుతుంది. అందుకే డబ్బా బాగున్నంతకాలం ఆప్టికల్ ద్వారా టీవీకి కలిపి వాడుకోండి. డబ్బా పోయిన రోజు మొత్తం మార్చండి.

ఏఆర్‌సీ, ఈఆర్క్, ఆప్టికల్: నాకు ఏది కావాలి?

ఆప్టికల్ మీద డాల్బీ డిజిటల్ 5.1 దాకా వస్తుంది. పై నుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ రాదు. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. ఓటీటీ యాప్‌లు అట్మాస్‌ను డాల్బీ డిజిటల్ ప్లస్‌లో పంపుతాయి కాబట్టి, టీవీ ఒప్పుకుంటే ఏఆర్‌సీ మీద కూడా అది పోతుంది. ఏఆర్‌సీకి మెరుగైన రూపంగా 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఆర్క్ అవసరం ఎక్కువగా బ్లూరే డిస్కుల్లో ఉండే, నాణ్యత తగ్గించని ట్రూహెచ్‌డీ ఆడియోకు. ఇంట్లో బ్లూరే లేకపోతే ఈఆర్క్ కోసం మంచి టీవీని మార్చవద్దు.

కలిపినా సౌండ్ రాకపోతే, ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్ట్‌లోనే కేబుల్ పెట్టారా చూడండి. టీవీ మెనూలో హెచ్‌డీఎంఐ సీఈసీ (కలిపిన డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సెట్టింగ్) ఆన్ చేయండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది.

అట్మాస్ కోసం మారడం దండగా?

పైకప్పును బట్టి చెప్పాలి. కొన్ని సౌండ్‌బార్లలో (టీవీ కింద పెట్టే పొడవాటి ఒకే స్పీకర్), కొన్ని స్పీకర్లలో పైకి చూసే యూనిట్లు ఉంటాయి. అవి శబ్దాన్ని పైకప్పుకు కొట్టి మీ మీదికి దించుతాయి. దానికి పైకప్పు సమతలంగా, గట్టిగా, 8 నుంచి 12 అడుగుల ఎత్తులో ఉండాలి. మామూలు స్లాబ్ ఇల్లు దీనికి బాగా సరిపోతుంది. పెంకుటిల్లు, ఏటవాలు రేకుల ఇల్లు అయితే శబ్దం ఎటో పోతుంది, పైసలు వృథా. ఏసీ కోసం మెట్లు మెట్లుగా ఫాల్స్ సీలింగ్ చేయించిన హాల్లో కూడా ఫలితం సగమే. అలాంటి ఇంట్లో అట్మాస్ కావాలంటే పైన నిజంగా రెండు స్పీకర్లు బిగించాలి. ఫాల్స్ సీలింగ్ పని ఇంకా మొదలుకాకపోతే అందులోంచి స్పీకర్ వైర్లు ఇప్పుడే లాగించి ఉంచండి.

కింద ఉన్న ఐదు స్పీకర్లు సరిగా లేకుండా పైన రెండు పెట్టడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. మాట, పాట, బాస్ ఇవి కుదిరాకే పై స్పీకర్ల సంగతి.

అద్దె ఇంట్లో ఉంటున్నాం. సౌండ్‌బార్ చాలా?

అద్దె ఇంటికి, 10 అడుగుల గదికి, సింగరేణి క్వార్టర్ లాంటి చిన్న హాల్‌కు నేను సౌండ్‌బారే చెబుతాను. విడిగా బూఫర్, మాటలకు సెంటర్ ఛానెల్ ఉన్నది చూడండి. గోడకు మేకులు కొట్టక్కర్లేదు, ఇల్లు మారినప్పుడు చంకన పెట్టుకుని పోవచ్చు. సొంతిల్లు ఉండి, వెనక స్పీకర్లకు చోటు, వైర్లకు దారి ఉంటే విడి స్పీకర్లు, రిసీవర్ మేలు. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

స్పీకర్ పగిలినట్టు పలుకుతోంది. గుయ్‌మని శబ్దం కూడా వస్తోంది. ఇక మార్చాల్సిందేనా?

రెండూ వేరు. పగిలినట్టు వస్తే జాలీ తీసి కోన్ చుట్టూ ఉన్న అంచును చూడండి. ఫోమ్ అంచు పది పదిహేనేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. కోన్, కాయిల్ బాగుంటే ఫోమ్ ఒక్కటే మార్పించుకోవచ్చు. పాత పెద్ద స్పీకర్ల విషయంలో ఇది చాలా లాభం. అసలు పలకని స్పీకర్ అయితే వైరు ఊడదీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. 8 ఓమ్స్ స్పీకర్ 6 దగ్గర చూపిస్తే కాయిల్ బతికే ఉంది. ఏమీ చూపకపోతే కాలిపోయిందన్నమాట.

గుయ్‌మనే శబ్దానికి ముందు సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ లేదా డిష్ వైరు పీకి చూడండి. శబ్దం ఆగిందా, ఎర్తింగ్ తేడాతో వచ్చిన గొడవ అది. టీవీ, రిసీవర్, బూఫర్, బాక్స్ అన్నీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి వచ్చే ఎక్స్‌టెన్షన్‌కు పెట్టండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చెక్ చేయించండి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టడం ప్రాణాలకే ముప్పు, ఎవరు చెప్పినా చేయవద్దు.

కరెంటు, ఎండ, దుమ్ము: వీటికి ఏం జాగ్రత్త?

వానాకాలం ఉరుములు మొదలవగానే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి, డిష్ వైరు కూడా పీకాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రిసీవర్, బూఫర్ నడపవద్దు. శబ్దంలో బుర్రుమనే మోత వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. ప్యూర్ సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు.

ఎండాకాలం రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తలుపులున్న టీవీ యూనిట్ లోపల రిసీవర్ పెడితే గాలి ఆడదు. పైన నాలుగైదు అంగుళాల ఖాళీ వదలండి, దాని మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టవద్దు. బొగ్గు గనుల దగ్గరి ఊళ్లలో నల్ల దుమ్ము డబ్బా రంధ్రాల్లో పేరుకుంటుంది. ప్లగ్ పీకి, మెత్తని బ్రష్‌తో అప్పుడప్పుడూ తుడవండి.

స్పీకర్ వైర్లు ఖరీదైనవి కొనాలా?

వద్దు. హాల్ దూరాలకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం కాకుండా అసలు రాగే కావాలి. ఎలుకల బాధ ఉంటే పైపులో లాగండి.

బ్లూటూత్‌లో టీవీకి కలిపితే?

పాటలకు బాగానే ఉంటుంది. సినిమాకు మాట ఒకచోట, పెదవి ఒకచోట అవుతుంది. వైరు వాడండి.

బతుకమ్మకు, ఇంట్లో ఫంక్షన్‌కు మా హోమ్ థియేటర్‌నే వాకిట్లో పెడతాం. పెద్దది కొంటే సరిపోతుందా?

ఏ హోమ్ థియేటరూ ఆ పనికి కాదు. గదిలో గోడలు శబ్దాన్ని తిరిగి ఇస్తాయి, బయట ఆ సాయం ఉండదు. అందుకని వాల్యూమ్ చివరిదాకా తిప్పుతారు. ఆంప్లిఫైయర్ తన హద్దు దాటి శబ్దాన్ని కత్తిరించడం మొదలుపెడుతుంది, ముందు సన్నని శబ్దాలు పలికే ట్వీటర్లు కాలిపోతాయి. సద్దుల బతుకమ్మ తర్వాత ట్వీటర్లు పోయిన స్పీకర్లు నా దగ్గరికి ఏటా వస్తాయి. వాకిట్లో పాటలకు సౌండ్ సిస్టమ్ అద్దెకు ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లను పిలవండి. ఇంటి స్పీకర్లు ఇంట్లోనే ఉండనివ్వండి.

షోరూంలో అద్భుతంగా ఉంది. ఇంట్లోనూ అలాగే ఉంటుందా?

షోరూంలో కింద కార్పెట్, గోడలకు ప్యానెళ్లు, ఎంచిపెట్టిన డెమో సీను ఉంటాయి. మీరు మీ పాట, మీకు కంఠతా వచ్చిన సినిమా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. రెండు సెట్లు పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టించండి. కొంచెం గట్టిగా ఉన్నదే మంచిదని చెవి నమ్ముతుంది. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ పెట్టుకుంటే పని తేలిక. మాటలున్న సీను తప్పకుండా వినండి. అందరూ వినిపించేది పేలుళ్లే, ఇంట్లో రోజూ వినేది మాటలు.

పాత సెట్ మీద బడ్జెట్ ఎలా పంచాలి?

ఒకేసారి అన్నీ మార్చాలన్న పట్టు వద్దు. ముందున్న మూడు స్పీకర్లకు, అంటే ఎడమ, కుడి, సెంటర్‌కు సగం డబ్బు పెట్టండి. అనుభవంలో తేడా అంతా అక్కడే. తర్వాత బూఫర్. వెనక స్పీకర్లు చిన్నవైనా సరిపోతాయి, వాటి చోటు ముఖ్యం. చెవికి అడుగో రెండడుగులో పైన, సోఫాకు పక్కగా లేదా కొంచెం వెనగ్గా ఉండాలి. రిసీవర్ ఆఖరున మార్చండి. ఫార్మాట్లు, పోర్టులు మారుతూనే ఉంటాయి, మంచి స్పీకర్లు ఇరవై ఏళ్లు పాడతాయి. చేతిలో డబ్బు తక్కువైతే మంచి స్పీకర్లు రెండు, మామూలు ఆంప్లిఫైయర్ ఒకటి కొనండి. ఆరు నాసిరకం స్పీకర్లకంటే అవి వందపాళ్లు నయం.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

స్పీకర్లు తీసుకోవచ్చు. ఫోమ్ అంచు చూడండి, కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమానంగా, మెల్లగా నొక్కండి. గరగర రాకూడదు, కాలిన వాసన రాకూడదు. రిసీవర్ అయితే ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టూ పెట్టి చూసి, అరగంట నడిపించి, తర్వాతే డబ్బు ఇవ్వండి. పాత రిసీవర్లలో ముందు పోయేది తరచూ హెచ్‌డీఎంఐ బోర్డే.

పక్కింటివాళ్లు గొడవపడుతున్నారు. ఏ సిస్టమ్ మేలు?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. గోడలు దాటేది ఎక్కువగా బాసే. బూఫర్‌ను ఉమ్మడి గోడకు దూరంగా జరపండి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, పదింటి తర్వాత నైట్ మోడ్ వాడండి. పిల్లలున్న ఇంట్లో వాళ్ల చెవుల గురించి కూడా ఆలోచించండి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ దాకా పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లలకు ఆ హద్దు 75.

దసరా ఆఫర్ల దాకా ఆగమంటారా?

ఉన్నది పనిచేస్తుంటే ఆగండి. ఆలోగా కాగితం మీద రాసుకున్న ఫిర్యాదుకు చోటు, సెట్టింగ్స్, దర్రీ అన్నీ ప్రయత్నించి చూడండి. అప్పటికీ కొనాలనిపిస్తే, మన ఊళ్లోనో దగ్గరలోనో సర్వీస్ ఉందో లేదో కనుక్కున్నాకే ధర మాట్లాడండి. బిల్లు మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాయించుకోండి. వారంటీ ముగిసేదాకా అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ దాచండి, సర్వీస్‌కు పంపాలంటే అవే కావాలి. పాత సెట్‌లో బాగున్న స్పీకర్లను పాత సామాన్లవాళ్లకు తూకానికి ఇవ్వవద్దు. బెడ్‌రూంలో చిన్న ఆంప్లిఫైయర్‌కు కలిపితే ఇంకా చాలా ఏళ్లు పాటలు వినవచ్చు.